హాఫ్ గార్డ్ కింద నుంచి: బ్లూ బెల్ట్ తర్వాత నా ప్రాక్టీస్ ఎలా మారింది

జియు జిట్సులో తెల్ల బెల్ట్ దాటి బ్లూ బెల్ట్ వచ్చాక చాలా నెలలు నా ఆట ఉన్నచోటే ఉండిపోయింది. క్లాసులు ఎగ్గొట్టింది లేదు. వారంలో మూడు నాలుగు సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా మ్యాట్ మీదికే వెళ్ళేదాన్ని, అక్కడ చూపించిన కొత్త టెక్నిక్ శ్రద్ధగా చేసేదాన్ని, ఇంటికొచ్చి భోంచేస్తూ యూట్యూబ్‌లో ఇంకో రెండు చూసేదాన్ని. అయినా రోలింగ్, అంటే పార్ట్‌నర్‌తో నిజంగా తలపడడం, మొదలైతే ఎప్పుడూ ఒకటే వరస. ఎదుటివాళ్ళు నా గార్డ్, అంటే కింద నుంచి కాళ్ళతో వేసే అడ్డు, దాటేస్తారు, సైడ్ కంట్రోల్‌లో, అంటే పక్క నుంచి అడ్డంగా పడుకుని, ఛాతీ మీద బరువంతా వేస్తారు, నేను కింద ఊపిరి కోసం తంటాలు పడుతుండగా బెల్ మోగుతుంది. అందులోంచి ఎలా బయటికి వచ్చానో, అసలు ప్రాక్టీస్ చేసే పద్ధతే ఎలా మారిందో రాస్తున్నాను. హైదరాబాద్‌లో జియు జిట్సు నేర్చుకునే అమ్మాయిలకి, ముఖ్యంగా నాలాగా బరువు తక్కువ ఉన్నవాళ్ళకి పనికొస్తుందని నా నమ్మకం.

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బ్రెజిలియన్ జియు జిట్సులో గుద్దులు, తన్నులు ఉండవు. ఎదుటివాళ్ళని కిందికి తెచ్చి, మెరుగైన పొజిషన్ సంపాదించి, కీలుకి లాక్ వేసో, మెడకి చోక్ బిగించో లొంగదీయాలి. ఇక చాలు అనుకున్నవాళ్ళు చేత్తో తడితే వెంటనే వదిలేస్తారు, దాన్నే ట్యాప్ అంటాం. 1914లో బ్రెజిల్ చేరిన జపాన్ జూడో వస్తాదు మిత్సుయో మయేదా దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు, ఆయనా తమ్ముడు హీలియో కలిసి నేల మీది పోరాటంగా దీన్ని పెంచారు. 1993లో డెన్వర్‌లో జరిగిన రకరకాల యుద్ధకళలవాళ్ళు తలపడే యూఎఫ్‌సీ మొదటి పోటీలో హీలియో కొడుకు రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైన మగాళ్ళని లొంగదీసి గెలిచాక ప్రపంచమంతా దీని వెంట పడింది.

ఆ కథ విని మ్యాట్ ఎక్కినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నా బరువు 56 కిలోల దగ్గర ఉంటుంది. మా క్లాసులో మగవాళ్ళే ఎక్కువ, చాలామంది 75 దాటినవాళ్ళు, ఒకరిద్దరు 90 పైన. టెక్నిక్ ఉంటే బరువు లెక్క కాదు అని చాలామంది చెబుతారు. లెక్కే. 1951లో రియోలోని మరకానా స్టేడియంలో హీలియో గ్రేసీని జపాన్ జూడో వస్తాదు మసాహికో కిమురా ఓడించి చెయ్యి విరగ్గొట్టినప్పుడు, కిమురా టెక్నిక్ ఎంత గొప్పదో అతని బలం, బరువు కూడా అంత పని చేశాయి. బరువుకి విరుగుడు ఉంది, నేను కాదనను, కానీ అది సరైన చోట, సరైన క్షణంలో మాత్రమే పనిచేస్తుంది. ఆ క్షణం దాటిపోయాక 85 కిలోల మనిషి ఛాతీ నా మొహం మీద ఉన్నప్పుడు ఎన్ని టెక్నిక్‌లు గుర్తొచ్చినా లాభం లేదు. ఆ క్షణం ఎక్కడుందో కనుక్కోవడమే నా మొదటి పని అయింది.

ఒక రోజు క్లాసు అయ్యాక కోచ్‌ని అడిగాను, సైడ్ కంట్రోల్ నుంచి బయటపడే ఎస్కేప్ ఇంకేదైనా చూపించమని. ఆయన చూపించలేదు. "సరే, సైడ్ కంట్రోల్ ఇచ్చేశావు. దానికి ముందు ఏం ఇచ్చేశావు?" అన్నారు. "గార్డ్" అన్నాను. "గార్డ్‌కి ముందు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాతి వారమంతా ఫోన్‌ని గోడవార నిలబెట్టి, పార్ట్‌నర్‌ల అనుమతి తీసుకుని, రోల్స్ వీడియో తీశాను. ఇంట్లో కూర్చుని మామూలుగా కాకుండా వెనక నుంచి ముందుకి చూశాను, అంటే సైడ్ కంట్రోల్‌లో ఇరుక్కున్న చోట ఆపి, అక్కడి నుంచి పది పదిహేను సెకన్లు వెనక్కి జరుపుతూ పోయాను. అన్ని వీడియోల్లోనూ, మనుషులు మారినా, మొదట పోయింది ఒకటే. నా తల.

అది ఎలాగంటే, నేను ఎక్కువగా హాఫ్ గార్డ్‌లోనే తేలేదాన్ని. కింద ఉన్నవాళ్ళు పైవాళ్ళ ఒక కాలిని తమ రెండు కాళ్ళ మధ్య బిగించి పట్టుకుంటే అది హాఫ్ గార్డ్. అక్కడ పైనున్న మనిషి నా మెడ కింద నుంచి ఒక చెయ్యి పోనిచ్చి, భుజంతో నా దవడని అవతలి వైపుకి తిప్పేసేవాడు. క్రాస్‌ఫేస్ అంటాం దీన్ని. తల అటు తిరిగితే వెన్నెముక దాని వెంటే తిరుగుతుంది, పక్కకి ఒరిగి ఉన్న నడుము చదును అవుతుంది, రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనుతాయి. ఆ తర్వాత అతను మోకాలిని నా తొడ మీదుగా కోసుకుంటూ అవతలికి తీసుకెళ్తే సైడ్ కంట్రోల్. నేనేమో ఆ చివరి అడుగు దగ్గర, మోకాలు దాటే చోట బలమంతా పెడుతున్నాను. అప్పటికే అయిపోయిన పోరాటం అది.

ఇది తెలిశాక కోచ్ ఒక చిన్న ఆట పెట్టారు. నేను హాఫ్ గార్డ్‌లో కింద, పార్ట్‌నర్ పైన. అతను నా గార్డ్ దాటకూడదు, లాక్, చోక్ లాంటి సబ్మిషన్ వెయ్యకూడదు. అతని పని ఒక్కటే, క్రాస్‌ఫేస్ పట్టి నా రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనించడం. నా పని తల దొరకనివ్వకుండా పక్కకి తిరిగి ఉండడం. ఎవరి పని అయినా వెంటనే ఆపి మళ్ళీ మొదటి నుంచి. రెండు నిమిషాల రౌండ్ ఒకటి, తర్వాత స్థానాలు మార్చుకోవడం. అంతే. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది, పక్కన తెల్ల బెల్ట్ పిల్లలు ఎగిరి కాళ్ళతో మెడ బిగించే ట్రయాంగిల్స్ ప్రాక్టీస్ చేస్తుంటే మేము ఒక తల కోసం కొట్టుకుంటున్నాం.

కానీ లెక్క వేసి చూడండి. ఐదు నిమిషాల మామూలు రోల్‌లో ఆ క్రాస్‌ఫేస్ క్షణం ఒకసారో రెండుసార్లో వస్తుంది, వచ్చినప్పుడు కూడా మిగతా గొడవలో గమనించేలోపే పోతుంది. ఈ ఆటలో కొన్ని సెకన్లకొకసారి వస్తుంది. అది కూడా ప్రతిసారీ కొంచెం తేడాతో. ఒకడు చెయ్యి మెడ కింద నుంచి నెమ్మదిగా జారుస్తాడు, ఇంకొకడు ముందు నా మోకాలిని నెట్టి నా చూపు అటు పోగానే తల పట్టేస్తాడు, ఇంకొకడు కాలర్ లాగి తలని తన భుజం దగ్గరికి తెచ్చుకుంటాడు. నేను ఏ వీడియోలోనూ నేర్చుకోలేనిది ఇక్కడ చేతులకి తెలిసింది: అవతలి చెయ్యి నా చెవి దాటకముందే, అతని కండ మీద నా అరచెయ్యి ఉండాలి. మెడ దగ్గరికి వచ్చాక ఆపడం కాదు, మోచేతి పైన, కండ దగ్గరే ఆపేయాలి. దీన్ని కోచ్ అంతకుముందు చెప్పే ఉంటారు, బహుశా చాలాసార్లు. చెప్పినప్పుడు అర్థం కావడం వేరు, అవసరమైనప్పుడు చెయ్యి అక్కడికి వెళ్ళి ఉండడం వేరు.

తల నిలబడ్డాక రెండో ఆట. దీంట్లో నేను ఓడిపోయిన స్థితి నుంచే మొదలు, అంటే క్రాస్‌ఫేస్ పట్టేశాడు, నా వీపు మ్యాట్‌కి ఆనింది. అక్కడి నుంచి మళ్ళీ పక్కకి తిరగాలి. చాలా కష్టం, ఇప్పటికీ బరువైనవాళ్ళ మీద తక్కువసార్లే అవుతుంది. అయినా ఈ ఆట వల్ల వచ్చిన లాభం పెద్దది, అక్కడ ఉంటే భయం పోయింది. ఛాతీ మీద బరువు పడగానే గుండె దడదడ కొట్టుకుని ఊపిరి బిగబట్టడం నాకు మొదటి నుంచీ ఉంది, ఆ టెన్షన్‌లోనే సగం శక్తి పోయేది. రోజూ అక్కడే మొదలుపెట్టేసరికి, పొట్టతో చిన్న చిన్న ఊపిర్లు తీసుకుంటూ, ముందు మోచేతిని పక్కటెముకలకి దగ్గరగా తెచ్చుకుని, తర్వాత నడుము ఒక బెత్తెడు జరపడం అలవాటైంది. ఒకేసారి పైకి నెట్టాలని చూడను. బరువు నా మీద నుంచి పోకపోయినా సరే, ఎముక మీద పడుతుందా, ఊపిరితిత్తుల మీద పడుతుందా అన్నది మాత్రం నా చేతుల్లో ఉంది.

మూడో ఆట అండర్‌హుక్. దొరికిన కాలు ఏ వైపు ఉందో ఆ వైపే, అతని చంక కింద నుంచి చెయ్యి దూర్చి వీపు పట్టుకోవాలి. అది దొరికితే తలని అతని ఛాతీ పక్కకి ఆనించి, మోచేతి మీదికీ, అక్కడి నుంచి మోకాళ్ళ మీదికీ లేవచ్చు. అతను ఊరుకోడు కదా, నా చెయ్యి మీదుగా తన చెయ్యి చుట్టి, దాన్నే తాళంలా బిగించి నన్ను మళ్ళీ కిందికి తొక్కుతాడు. ఇద్దరం మోకాళ్ళ మీద, నాది అండర్‌హుక్, అతనిది పై నుంచి చుట్టు, అక్కడ ఎవరు ఎవరిని తోస్తే వాళ్ళది. నేను అతని అవతలి మోకాలిని చేత్తో పట్టి, తలతో, భుజంతో అటే నెడతాను. పడితే స్వీప్, అంటే కింద ఉన్న నేను పైకి వచ్చినట్టు. ఈ ఒక్క గొలుసు, తల, అండర్‌హుక్, మోకాళ్ళ మీదికి లేవడం, అవతలి మోకాలు, నేను దాదాపు ఏడాది పట్టుకుని కూర్చున్నాను. క్లాసులో ఏది నేర్పినా నేర్చుకున్నాను, కానీ స్పారింగ్‌లో నా ధ్యాస ఇక్కడే.

టెక్నిక్‌లు పోగేసే కన్నా ఒకే దారిని లోతుగా తవ్వడం మీద నాకు ధైర్యం ఇచ్చింది అదే గ్రేసీ కుటుంబంలోని రోజర్ గ్రేసీ. ఛాతీ మీద ఎక్కి కూర్చునే మౌంట్ పొజిషన్ నుంచి రెండు చేతులతో కాలర్ పట్టి బిగించే క్రాస్ చోక్ తెల్ల బెల్ట్‌కి మొదట్లోనే నేర్పే టెక్నిక్. ఆయన అదే చోక్‌తో బ్లాక్ బెల్ట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో గెలుస్తూ పోయాడు, అది వస్తుందని ఎదుటివాళ్ళకి తెలుసు, అయినా ఆపలేకపోయారు. అలాగే మార్సెలో గార్సియా. 77 కిలోల లోపు విభాగంలో నాలుగుసార్లు ఏడీసీసీ అనే పెద్ద ప్రపంచస్థాయి పోటీలో ఛాంపియన్, అయినా బరువు పరిమితి లేని విభాగంలోకి దిగి భారీ మనుషులతో తలపడేవాడు. బటర్‌ఫ్లై గార్డ్, ఎక్స్ గార్డ్, చెయ్యి లాగి వీపు ఎక్కడం, ఇలా కొన్నే దారులు. పైగా తన స్పారింగ్ వీడియోలు అందరూ చూసేలా పెట్టేవాడు, రేపు పోటీలో ఎదురయ్యేవాళ్ళు చూసినా పట్టించుకోలేదు. ఆయన రౌండ్లు చూస్తున్నప్పుడు నేను స్వీప్ చూడడం మానేసి, స్వీప్‌కి ముందు ఆయన తల ఎక్కడ ఉందో చూస్తాను. ఎప్పుడూ ఎదుటివాళ్ళ గడ్డం కిందే.

ఇక ఇప్పుడు జియు జిట్సులో నడుస్తున్న పెద్ద వాదన గురించి నా మాట. అమెరికాలోని మేరీలాండ్‌లో జిమ్ నడిపే గ్రెగ్ సౌడర్స్ లాంటివాళ్ళు, టెక్నిక్‌ని అడుగు అడుగుగా చూపించి ఇద్దరి చేత ఉత్తినే తిప్పించడం దండగ, నియమాలు పెట్టిన ఆటల ద్వారానే నేర్పాలి అంటారు. ఇంకో వైపు జాన్ డానహర్ లాంటి కోచ్‌లు ఒక్క పొజిషన్‌ని గంటలకొద్దీ విడమరిచి చెబుతారు. ఆయన శిష్యులు కూడా చెడ్డ పొజిషన్ల నుంచి మొదలుపెట్టి చేసే స్పారింగ్‌కి బాగా సమయం ఇచ్చేవాళ్ళన్నది మాత్రం చాలామంది పట్టించుకోరు. నా అనుభవంలో ఒక విషయం మొదటిసారి చూసేటప్పుడు ఎవరో ఒకరు చూపించాలి, లేకపోతే మోచెయ్యి ఎక్కడ పెట్టాలో ఊహించుకోవడంలోనే నెల గడిచిపోతుంది. కానీ చూపించిన తర్వాత, ఎదురు లేని పార్ట్‌నర్ మీద అదే కదలిక పదే పదే చెయ్యడం వల్ల నాకు దొరికింది చాలా కొంచెం. ఒళ్ళు వేడెక్కడానికి బాగుంటుంది. ఎదుటి మనిషి నిజంగా ఆపుతున్నప్పుడు మాత్రమే సమయం తెలుస్తుంది. జియు జిట్సు అంతా సమయమే.

పార్ట్‌నర్ ఎవరన్నది పద్ధతి కన్నా ముఖ్యం అనిపిస్తుంది ఒక్కోసారి. కొత్తగా పట్టుకున్న కదలికని మొదట తెల్ల బెల్ట్‌ల మీద, నాకన్నా మరీ బరువు లేనివాళ్ళ మీద ప్రయత్నిస్తాను. అక్కడ నిలబడితే నా స్థాయివాళ్ళ మీద. బ్లూ కన్నా పైనున్న పర్పుల్ బెల్ట్‌ల దగ్గరికి వెళ్ళేది అది ఎక్కడ విరుగుతుందో చూడడానికి. ఒక ఇంజినీరింగ్ కుర్రాడున్నాడు, 80 కిలోల పైమాటే, నాతో రౌండ్ అంటే మొదట్లో ఇబ్బంది పడేవాడు. "అక్కా, నేను బరువు వెయ్యకుండా ఆడనా?" అని అడిగాడు. "వద్దు రా, బరువు మొత్తం వెయ్యి. విసురుగా మాత్రం రాకు, మెల్లగా వెయ్యి" అన్నాను. తక్కువ బరువున్న ఆడవాళ్ళందరూ ఇది మొదటి రోజే చెప్పడం నేర్చుకోవాలి. మెల్లగా వేసే బరువు వల్ల దెబ్బలు తగలడం తక్కువ, ఊపిరాడకపోతే ట్యాప్ చేస్తే సరిపోతుంది. విసురు వల్లే ఎక్కువగా మోకాళ్ళు, పక్కటెముకలు పోతాయి. జాలిపడి గాల్లో తేలినట్టు ఆడే పార్ట్‌నర్ వల్ల నాకు ఏమీ రాదు, ఆ రౌండ్‌లో గెలిచినట్టు అనిపిస్తుంది, అంతే. ఆ కుర్రాడు ఇప్పుడు నా బెస్ట్ పార్ట్‌నర్. ప్రతి రౌండ్ తర్వాత అతన్ని ఒకే ప్రశ్న అడుగుతాను, "ఎక్కడ నీకు ఇబ్బంది అనిపించింది?" అని. నాకు బాగా కుదిరిందనుకున్నది అతనికి తెలియనే తెలియదు చాలాసార్లు, నేను గమనించని చిన్న మోచేతి అడ్డమే అతన్ని ఆపి ఉంటుంది.

ఇంకొకతను పాతబస్తీ తాలీంలో చిన్నప్పటి నుంచి కుస్తీ పట్టినవాడు. నిలబడి ఉంటే మా క్లాసులో అతన్ని కదిలించేవాళ్ళు లేరు. కుస్తీలో వీపు నేలకి ఆనితే ఓటమి, అందుకని కింద పడబోతే అతని ఒళ్ళు దానంతట అదే బోర్లా తిరిగేది. జియు జిట్సులో బోర్లా తిరిగితే వెనక ఎక్కి కూర్చుని మెడ పడతారు. అతని ఏళ్ళ అలవాటు ఇక్కడ ఎదురు తిరిగింది. అతను వెల్లకిలా ఉండడం నేర్చుకోవడానికి మేమిద్దరం కలిసి ఇదే పద్ధతిలో ఆటలు చేశాం, అతను కింద, నేను పైన, బోర్లా తిరిగితే ఓడినట్టు. నాకు అండర్‌హుక్ పోరాటంలో తల ఎంత బలమైన ఆయుధమో చూపించింది అతనే. "నుదురు పెట్టండి, చెయ్యి తర్వాత" అంటాడు. తాలీంలో వస్తాదులు చెప్పే మాటట అది.

రాసుకోవడం గురించి కూడా చెప్పాలి. నేర్పినదంతా రాసుకునే నోట్‌బుక్‌లు నా దగ్గర నిండిపోయి ఉన్నాయి, వాటిని తిరిగి తెరిచింది తక్కువ. ఇప్పుడు క్లాసు నుంచి వచ్చాక ఫోన్‌లో ఒక్క వాక్యం రాస్తాను: ఈ రోజు మొదట ఏం పోయింది. "అండర్‌హుక్ దొరికింది కానీ తల బయట ఉండిపోయింది." "లేచేటప్పుడు మడమ మ్యాట్ మీద లేదు." అంతే. మర్నాటి ఆట ఆ వాక్యం నుంచే పుడుతుంది. వాక్యం నాలుగైదు రోజులు అదే వస్తుంటే కోచ్‌ని అడుగుతాను. ఇలా అడిగితే ఆయనకి కూడా చెప్పడం సులువు, నా గార్డ్ బాలేదు అని వెళ్తే పాపం ఆయన మాత్రం ఎక్కడ మొదలుపెడతారు.

శరీరం సంగతి వదిలేస్తే ఇదంతా కాగితం మీద మాటే అవుతుంది. ఒకే పొజిషన్ మళ్ళీ మళ్ళీ చేస్తే ఒకే చోట నొప్పి వస్తుంది, నాకు కుడి పక్కటెముకలు. నొప్పి మొదలైన వారం కింద ఉండే ఆటలు పూర్తిగా ఆపేసి పైనుండే ఆటలే ఆడాను. పీరియడ్స్ మొదటి రెండు రోజులు ఛాతీ మీద బరువు పడే ఆటలు పెట్టుకోను, నిలబడి పట్లు ప్రాక్టీస్ చేస్తాను. కోచ్‌కి ఈ మాట సూటిగా చెప్పాను, ఆయన సూటిగా విన్నారు. వేళ్ళకి టేప్ చుట్టకుండా గీ, అంటే మేం వేసుకునే మందపాటి జాకెట్టూ ప్యాంటూ, పట్టను. మన వానాకాలంలో గీ ఒక్క రాత్రిలో ఆరదు, తడి గీ వేసుకుంటే తామర ఖాయం, కాబట్టి రెండు గీలు ఉండాల్సిందే, కొత్తవాళ్ళకి బెల్ట్ కన్నా ముందు నేను చెప్పేది ఇదే. గోళ్ళు కత్తిరించుకోవడం కూడా. మా అమ్మ మొదట్లో నా చేతులు చూసి, "ఏంటే ఈ నల్లమచ్చలు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అని బాధపడేది. ఒక ఆదివారం ఆవిడని ఓపెన్ మ్యాట్‌కి, అంటే క్లాసు లేకుండా ఎవరికి వాళ్ళు ప్రాక్టీస్ చేసుకునే రోజుకి, తీసుకెళ్ళాను. ఇద్దరు స్కూలు పిల్లలు కుస్తీ పడి, ట్యాప్ చేసి, మళ్ళీ చేతులు కలుపుకోవడం చూశాక ఆ మచ్చల మాట ఎత్తడం తగ్గించింది. రాపిడికి చెవులు ఉబ్బిపోతాయని మాత్రం ఇంకా బెంగ ఉంది, హెడ్‌గేర్ పెట్టుకుంటానని మాట ఇచ్చాను, పెట్టుకుంటున్నాను.

ఇలా కొన్నాళ్ళు చేశాక బెంగళూరులో ఒక టోర్నమెంట్‌కి వెళ్ళాం. ఈ ఆటకి అంతర్జాతీయ సంస్థ అయిన ఐబీజేజేఎఫ్ నియమాల ప్రకారం అడల్ట్ బ్లూ బెల్ట్‌కి మ్యాచ్ 6 నిమిషాలు. టేక్‌డౌన్‌కి 2 పాయింట్లు, స్వీప్‌కి 2, గార్డ్ పాస్‌కి 3, మౌంట్‌కి 4, వీపు ఎక్కితే 4, వచ్చిన పొజిషన్ 3 సెకన్లు నిలబెట్టాలి. ఆడవాళ్ళ ఫెదర్ వెయిట్ పరిమితి గీతో కలిపి 58.5 కిలోలు, అందుకని నేను బరువు తగ్గే పని పెట్టుకోలేదు, పెట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను కూడా. పోటీకి ముందు వారాల్లో మా ఆటలకి పాయింట్లు కలిపాం. స్వీప్ చేసి 3 సెకన్లు ఆగకుండా సబ్మిషన్‌కి పోతే ఆ రౌండ్ లెక్కలోకి రాదు, అలా.

మొదటి మ్యాచ్‌లో నేను కిందికి వెళ్ళాను, హాఫ్ గార్డ్ పట్టాను, ఆ అమ్మాయి చెయ్యి నా మెడ వైపు వస్తుంటే నా అరచెయ్యి ముందే అక్కడుంది. అండర్‌హుక్, మోకాళ్ళు, అవతలి మోకాలు. 2 పాయింట్లు. మిగతా సమయమంతా పైనే ఉండి నిలబెట్టుకున్నాను. రోజూ మ్యాట్ మీద 80 కిలోల కుర్రాడితో చేసే పని నాతో సమానమైన బరువున్న అమ్మాయితో చేస్తుంటే ఎంత తేలికగా ఉందో మాటల్లో చెప్పలేను. పట్టరానంత ఆనందం వేసింది, అక్కడే మ్యాట్ పక్కన ఏడ్చేశాను.

రెండో మ్యాచ్ అమ్మాయి నాకు హాఫ్ గార్డ్ ఇవ్వనే లేదు. నేను కూర్చోగానే దూరంగా నిలబడి, రెండు చేతులతో నా ప్యాంటు మోకాళ్ళ దగ్గర పట్టుకుని, కాళ్ళని ఒక పక్కకి విసిరి ఇంకో పక్క నుంచి వచ్చేసింది. 3 పాయింట్లు. కొంచెం సేపటికి మౌంట్, ఇంకో 4. సబ్మిషన్ ఇవ్వలేదు కానీ 7-0. తిరిగి వచ్చే రైల్లో వీడియో చూస్తుంటే జవాబు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. నా ఆటలన్నీ హాఫ్ గార్డ్ లోపల మొదలవుతాయి, ఆ ఇంట్లోకి వెళ్ళే దారి మీద నేను ఇంకా పని చెయ్యలేదు. కోచ్‌కి చూపిస్తే ఆయన నవ్వి, "మంచిది, ఇప్పుడు ఒక అడుగు వెనక్కి జరుగు" అన్నారు.

ఒక అడుగు వెనక్కి అంటే మళ్ళీ అదే పద్ధతి, ఈసారి దూరం మీద. మొదటి ఆట: నేను కూర్చుని ఉంటాను, పార్ట్‌నర్ నిలబడి నా ప్యాంటు రెండు వైపులా పట్టుకోవాలి, నేను అతని రెండో చెయ్యి పడకముందే మొదటి పట్టు విడిపించాలి. పాస్ లేదు, స్వీప్ లేదు. రెండో ఆటలో అతను పట్టేశాడు, నేను అతని ఒక చీలమండని నా చేతికీ కాళ్ళకీ అందేలా తెచ్చుకుని హాఫ్ గార్డ్‌లోకి లాక్కోవాలి. ఇందులో నాకు బాగా కుదిరింది, అతను నా కాళ్ళు విసిరే దిక్కుకే నడుము కూడా పంపేసి, పై మోకాలిని ఛాతీ వరకూ ముడుచుకోవడం. మోకాలు ఛాతీకి దగ్గరగా ఉన్నంతసేపు మధ్యలో ఏదో ఒకటి అడ్డం ఉంటుంది. కాళ్ళు చాపేస్తే ఇక లేదు.

దాని వెనక ఇంకో అడుగు, నిలబడి ఉన్నప్పటి పట్లు. ఇక్కడ మా కుస్తీ అతనే నాకు గురువు. కాలర్ మీద నా చెయ్యి ముందు పడితే నేను ఎప్పుడు, ఏ వైపు కూర్చోవాలో నేనే నిర్ణయించుకోగలను, అతనిది ముందు పడితే అతను ఎక్కడ కావాలంటే అక్కడికి నన్ను నడిపిస్తాడు. అతని పట్టు విడిపించడం నాకు ఇంకా రావడం లేదు, మణికట్టు బలం సరిపోవడం లేదని మొదట అనుకున్నాను, కానీ అతను చూసి, "చేత్తో కాదక్కా, నడుము వెనక్కి తియ్యండి, పట్టు దానంతట అదే జారుతుంది" అన్నాడు. రెండు వారాలుగా అది కొంచెం కొంచెం పనిచేస్తోంది. క్లాసులో ఈ నెల అంతా ఆర్మ్‌బార్‌లు, అంటే మోచేతికి వేసే లాక్‌లు, నడుస్తున్నాయి, అవీ చేస్తున్నాను, ఆఖరి పావుగంట మాత్రం నేనూ అతనూ గోడవైపు జాగా చూసుకుని కాలర్ కోసమే కొట్టుకుంటున్నాం.